విశాఖపట్టణపు మత్స్యచిత్రములు

మన తూర్పుతీరమున తెల్లవాఱకముందే పడవలు ఒడ్డునకు చేరును. ఇసుకమీద గంపలు దించుదురు, వేలముపాట మొదలగును. ఆ సందడిలో చందువ, వంజరము, సొర, సావళ్లు, కానగర్తలు అను మాటలు వినవచ్చును. వీనిని మనము ఇంటింటి వాడుకమాటలుగా మాత్రమే ఎంచుచుందుము. ఇందు ఒక పేరు లాటిన్ భాషలో చేరి, ప్రపంచమందలి మత్స్యశాస్త్ర గ్రంథములలో స్థిరముగా నిలిచియున్నదని చెప్పినచో ఆశ్చర్యము కలుగవచ్చును. కానగర్తను శాస్త్రజ్ఞులు ‘రాస్ట్రెలిజర్ కనగుర్త’ అని పిలుతురు. ఆఫ్రికా తూర్పుతీరము మొదలుకొని పసిఫిక్ మహాసముద్రమందలి సమోవా దీవుల వఱకు ఈ చేప దొరకును. ఆయా దేశముల జాలరులు తమ తమ భాషలలో దానికి వేఱువేఱు పేర్లు పెట్టుకొనిరి. శాస్త్రము స్వీకరించినది మాత్రము తెలుగు పేరు.

ఈ పేరు అంత దూరము ఎట్లు పోయినది? ఏ పండితుడును తెలుగు నేర్చి దానిని లాటిన్‌లోనికి కొనిపోలేదు. అది ఒక బొమ్మవెంట పోయినది. సుమారు రెండువందల నలువది ఏండ్ల క్రిందట విశాఖపట్టణమున గీయబడిన చేపబొమ్మ అది. ఆ బొమ్మలు పుట్టిన తీరును, అవి శాస్త్రమునకు చేసిన సేవను, నేటి సముద్రపరిశీలనకు అవి నేర్పు పాఠమును ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి. రేడియోలో బొమ్మను చూపుట సాధ్యము కాదు గదా! కావున బొమ్మల కథను మాటలతోనే చెప్పుకొనవలసియున్నది.

పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీవారి ఏలుబడిలో ఉండెను. కంపెనీవారికి ముఖ్యము వ్యాపారము. ఈ దేశపు చెట్టుచేమలను శోధించినచో లాభకరములైన కొత్త సరకులు దొరకునను ఆశతో వారు ఒక ప్రకృతిశాస్త్రజ్ఞుని జీతమిచ్చి నియమించిరి. మొదట ఆ పనిలో ఉన్న కోనిగ్ అను పండితుడు 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. ఆ ఉద్యోగము అదే సంవత్సరమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యునికి లభించినది.

రస్సెల్ స్కాట్లండు దేశీయుడు. సిరియా దేశమందలి అలెప్పో నగరమున ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడుగా చాల ఏండ్లు పనిచేసెను. ప్లేగు మహమ్మారిని కన్నులార చూచి, దానిపై పెద్ద గ్రంథము వ్రాసెను. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ కంపెనీ ఉద్యోగిగా విశాఖపట్టణమునకు రాగా, 1780 తరువాత ఆయనయు వెంట వచ్చెను. అప్పటికే ఆయనకు ఏబది ఏండ్లు దాటెను. ఆ వయస్సున మఱియొకడు విశ్రాంతి కోరుకొనును. ఈయన మాత్రము తన చుట్టునున్న చెట్లను, పాములను, చేపలను పరిశీలించుటకు పూనుకొనెను. 1789లో ఇంగ్లండునకు మరలిపోవు వఱకు ఆ పని సాగినది.

మొదట ఆయన దృష్టి పాములపై నిలిచెను. పాముకాటుచే జనులు చనిపోవుట ఆయన చూచెను. అప్పట్లో విరుగుడుగా పేరుపడిన తంజావూరు మాత్రలు మొదలగు మందులను పరీక్షించెను. ఏ పాము విషముగలది, ఏ పాము విషములేనిది అని గుర్తుపట్టగలిగినచో సగము భయము తొలగునని ఆయన గ్రహించెను. అట్టి గుర్తింపునకు వర్ణన మాత్రము చాలదు. చూచినవాడు వెంటనే పోల్చుకొనదగిన బొమ్మ కావలెను. కావున పాముల బొమ్మలు వ్రాయించి, చేతితో రంగులద్దిన పటములతో 1796లో లండనులో ప్రకటించెను. మనము రక్తపింజర యని పిలుచు పామునకు అందు ‘కాటుక రేకుల పొడ’ అను తెలుగు పేరు కనబడును. నేడు ఆ పామునకు శాస్త్రనామములో రస్సెల్ పేరే నిలిచినది. కట్లపాము చేరిన ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘బంగారస్’ అను పేరు ఆయన గ్రంథములోని ‘బంగారు పాము’ అను తెలుగు మాటనుండి వచ్చినదే.

పాముల తరువాత చేపలు. 1803లో రస్సెల్ రెండు సంపుటముల గ్రంథమును లండనులో వెలువరించెను. కోరమండల తీరమందలి విశాఖపట్టణమున సేకరింపబడిన రెండువందల చేపల వర్ణనలు, చిత్రములు అని దాని పేరు. కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞపై అది అచ్చయినది. పేరులో రెండువందలని ఉన్నను అందలి చిత్రముల సంఖ్య 208. పాముల పటములవలె వీనికి రంగులు లేవు. రాగిరేకులపై చెక్కి నలుపు తెలుపులలో అచ్చువేసిరి. ఒక్కొక్క పటమునకు వర్ణన యున్నది. వర్ణనతోపాటు స్థానికముగా వాడుకలోనున్న పేరు ఉన్నది. ఆ గ్రంథమును విశేషమైన దానినిగా చేసినది ఈ స్థానిక నామమే.

ఆ పేర్లను చదువుచున్నచో విశాఖ ఒడ్డున నిలిచినట్లే యుండును. నల్ల చందువ, తెల్ల చందువ, కోనాము, పాల బొంత, పండుమీను, పెద్ద మొట్ట, సావల, కనగుర్త. ఇందు కొన్ని నేటికిని మార్పులేక వాడుకలో నున్నవి. నల్ల చందువను, తెల్ల చందువను ఏ బజారులో అడిగినను చూపుదురు. పాల బొంతను ఇప్పటికిని అట్లే పిలుచుచున్నారు. పండుమీను అన్నచో కొందఱు తడబడినను, పండుగప్ప అన్నచో గోదావరి మండలమున తెలియనివారుండరు. కొన్ని పేర్లు మాత్రము రూపుచెడియున్నవి. జాలరి పలికిన మాట, దానిని తిరిగి చెప్పిన దుబాసి నోరు, దానిని విని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనిన స్కాట్లండు వైద్యుని చెవి – ఈ మూడు మజిలీలు దాటి వచ్చిన మాట తిన్నగా ఎట్లుండును? వానికి సరియైన రూపములను ఇప్పుడు మన నిఘంటువులలో వెదకినను దొరకవు. జాలరి పల్లెలలోని వృద్ధుల నోటనే వెదకవలసియున్నది.

ఇక బొమ్మల సంగతి. వీనిని గీసినవారు ఈ దేశపు చిత్రకారులే. చేపను చిత్రించుట పువ్వును చిత్రించుటవంటి పని కాదు. నీటిలోనుండి తీసినది మొదలు చేప రంగు మారిపోవుచుండును. వెండివలె మెఱయు పొట్ట కొద్దిసేపటిలో మాసిపోవును. వీపుమీది నీలిపచ్చని చాఱలు చెదరిపోవును. రెక్కలు ముడుచుకొని దేహమునకు అంటుకొనును. కోరమండలపు ఎండలో అది ఎంతసేపు నిలుచును? చిత్రకారుడు దాని నీడగీతను త్వరగా పట్టుకొనవలెను. ముడుచుకొనిన రెక్కలను విప్పి నిలిపి, వానిలో గట్టి ముండ్లు ఎన్ని, మెత్తని కిరణములు ఎన్ని యని లెక్కపెట్టవలెను. చెక్కిలిమీద పొలుసులున్నవా లేవా, ప్రక్కగీత తిన్నగా పోయినదా వంకరతిరిగినదా, పండ్లు దవడమీదనే యున్నవా లేక అంగిటను కూడ ఉన్నవా – ఇవన్నియు చూడవలెను. ఒక్క ముల్లు ఎక్కువ గీసినను తక్కువ గీసినను అది మఱియొక చేపయై కూర్చుండును.

ఇట్టి లెక్క మన సంప్రదాయ చిత్రలేఖనమున అలవాటు లేనిది. మన చిత్రకారుడు చేపను గీసినచో అది చేపవలె నుండవలెనని చూచును. శాస్త్రజ్ఞుడు కోరునది ఈ జాతి చేపవలెనే, మఱి దేనివలెను కాక యుండవలెనని. రెండింటికి చాల భేదము కలదు. ఆనాటి మన చిత్రకారులు ఈ కొత్త విద్యను పట్టుకొనిరి. ఆ కాలముననే సామర్లకోటలో రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుని చెంత మఱికొందఱు దేశీయ చిత్రకారులు మొక్కలను ఇట్లే చిత్రించుచుండిరి. రస్సెల్ పూనికతో ఆరంభమైన ఆ ప్రయత్నమునుండియే కోరమండల తీరపు మొక్కల గ్రంథము 1795 మొదలు భాగములుగా వెలువడినది. ఈ విధముగా పదునెనిమిదవ శతాబ్ది చివర మన సర్కారు తీరము శాస్త్రీయ చిత్రలేఖనమునకు ఒక పాఠశాలయైనది.

ఈ బొమ్మలు ఐరోపాలో చేసిన పనిని చూతము. ఉష్ణదేశపు చేపను చెడకుండ లండనునకో, పారిసునకో చేర్చుట ఆ దినములలో కష్టము. ఓడ ప్రయాణము నెలల తరబడి సాగును. సారాయిలో ఊరవేసిన చేప రంగు పోయి, ఒడలు కుంచించుకొనిపోవును. కావున పారిసులోని కువియే వంటి మహాశాస్త్రజ్ఞులకు విశాఖ చేపలను తెలిసికొనుటకు రస్సెల్ పటములే పెద్ద ఆధారమైనవి. కువియే 1816లో కనగుర్త బొమ్మను చూచి, అది వేఱు జాతియని నిర్ణయించి, రస్సెల్ వ్రాసిన తెలుగు పేరునే లాటిన్ పేరుగా నిలిపెను. 1829లో సావలకును అదే గౌరవము దక్కినది. రిబ్బనువలె పొడవుగా, వెండిపూత పూసినట్లుండు ఆ చేప జాతినామము నేటికిని ‘సావల’యే. పాముచేపలలో ‘తలబాన్’ అనునదియు, బొంతలలో ‘కున్నెసీ’ అనునదియు ఇట్లే శాస్త్రమున చేరినవి. తెలుగు తమిళములకు ఉమ్మడియైన ‘సొర’ అను మాటయు 1839లో ఒక సొరచేప జాతికి పేరైనది.

ఇచట ఒక శాస్త్రనియమమును తెలిసికొనవలెను. ఒక జాతికి మొట్టమొదట పేరుపెట్టునప్పుడు ఏ ప్రాణిని ఆధారముగా గొనిరో, ఆ ప్రాణియే ఆ పేరునకు సాక్షి. సామాన్యముగా ఆ సాక్షి ఏదో ఒక సంగ్రహాలయములో సీసాలో నుండును. బొమ్మను చూచి పేరుపెట్టినప్పుడు ఆ బొమ్మలో కనబడు చేపయే సాక్షియగును. అనగా, ఆఫ్రికానుండి సమోవా వఱకుగల కానగర్తలన్నింటి పేరునకు సాక్షి విశాఖపట్టణపు ఒడ్డున ఒక ఉదయమున గంపలోనుండి తీసిన ఒక చేప. చిత్రకారుడు గీయుట ముగించిన పిదప దానిని ఎవరో వండుకొని తినియుందురు. దానికి మిగిలిన దేహము కాగితముమీది గీతలే. ఆ గీతలు తప్పైనచో శాస్త్రమునకు ఆధారమే తప్పిపోయెడిది.

అన్ని బొమ్మలును సమానముగా సఫలములైనవని చెప్పజాలము. కొన్ని పటములలోని చేప ఏ జాతిదను విషయమున తరువాతి పండితులు భేదాభిప్రాయములు వెలిబుచ్చిరి. అయినను 1828 మొదలు 1849 వఱకు కువియే, వలెన్సియెన్ పండితులు వెలువరించిన 22 సంపుటముల మత్స్యగ్రంథమునందును, 1875–78 సంవత్సరములలో ఫ్రాన్సిస్ డే ప్రకటించిన భారతదేశపు చేపల గ్రంథమునందును విశాఖపటముల ప్రస్తావన పలుమాఱులు వచ్చును. చూచినదానిని చూచినట్లు గీసిన గీతకు అంత ఆయుర్దాయము కలదు.

ఇంత సేవ చేసిన చిత్రకారుని పేరేమి? తెలియదు. గ్రంథము ముఖపత్రమున ఒకటే పేరున్నది – రస్సెల్ పేరు. ఆయనకు గౌరవముగా ఒక ఎఱ్ఱచేప జాతికి, ఒక సింహచేప జాతికి, మఱియొక పార కుటుంబపు చేపకు ఆయన పేరు పెట్టిరి. ఆయన దానికి అర్హుడు కాడని మేము అనుట లేదు. విదేశీయుడై యుండియు, చేపలకు తన ఇష్టము వచ్చిన పేర్లు పెట్టక జాలరులు చెప్పిన పేర్లనే వ్రాసిన నిజాయితీ ఆయనది. ఆ నిజాయితీ లేనిచో కనగుర్త లాటిన్‌లో చేరియుండెడిది కాదు. కాని బొమ్మ గీసిన చేతికిగాని, చేపను తెచ్చి పేరు చెప్పిన నోటికిగాని ఒక్క జాతినామమైన దక్కలేదు. కంపెనీ కాలపు చిత్రకారులలో అనేకులకు ఇదే గతి పట్టినది. శాస్త్రమునకు ముగ్గురు కావలసివచ్చిరి – ఎఱిగినవాడు, గీసినవాడు, వ్రాసినవాడు. చరిత్రలో మూడవవాడు మాత్రము మిగిలెను.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇదే తీరమున ఇటువంటి కథ మఱల జరిగినది. అమరావతి శిల్పముల సంబంధమున మనము పేరు వినియున్న వాల్టర్ ఇలియట్ దొర ఉత్తర సర్కారులకు కమీషనరుగా వాల్తేరున నివసించెను. ఆయనకు శిల్పములయందెంత ఆసక్తియో, జంతువులయందును అంతే. 1852లో విశాఖ రేవున దొరికిన ఒక డాల్ఫిను, వాల్తేరు ఒడ్డున దొరికిన ఒక చిన్న తిమింగలము ఆయన కంటబడెను. వాని కపాలములు, చిత్రములు లండనులో రిచర్డ్ ఓవెన్ చేతికి చేరెను. ఓవెన్ 1866లో రెండింటిని శాస్త్రమునకు కొత్త జాతులుగా వర్ణించెను. మొదటిది పొట్టిమూతి డాల్ఫిను. తరువాత బర్మాలోని ఐరావతీ నదిలో ప్రసిద్ధి కెక్కుటచే దానిని ఐరావతి డాల్ఫిను అనుచున్నారు. శాస్త్రమునకు తొలుత పరిచయమైనది మాత్రము విశాఖ రేవుననే. రెండవది మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలము. ప్రపంచమందలి ఏ సముద్రమున అది దొరికినను, దాని జన్మస్థలమని గ్రంథములలో వ్రాయునది మన వాల్తేరు పేరే.

ఇంతవఱకు చెప్పినది గతకాలపు ముచ్చటయే యైనచో, వినోదమునకు తప్ప మఱి దేనికిని పనికిరాదు. కాని ఆ బొమ్మలకు నేడొక కొత్త ప్రయోజనము కలిగినది. విశాఖ రేవున ఐరావతి డాల్ఫిను దొరికినదని 1852 నాటి సాక్ష్యము చెప్పుచున్నది. నేడు దానిని చూడగోరువారు ఒడిస్సాలోని చిలుక సరస్సునకు పోవుదురు. అచట ఏటేట వానిని లెక్కపెట్టుచున్నారు. రస్సెల్ పటములలో ‘వాలవ టెంకీ’ అనునది ఒకటి కలదు. ముందుభాగము టెంకివలె పలుచగను, వెనుకభాగము సొరవలె బలముగను ఉండు విచిత్రప్రాణి అది. విశాఖ జాలరులు దానికి ప్రత్యేకనామమే పెట్టుకొనిరి గనుక, అది వారు బాగుగా ఎఱిగిన చేపయే యై యుండవలెను. నేడు ఆ కుటుంబపు చేపలు అపాయస్థితిలో నున్నవి. రెక్కలకు విదేశములలో మంచి వెల పలుకుటయు, మరబోట్ల ట్రాలువలలో చిక్కుటయు, పిల్లలను కొద్దిగా మాత్రమే కనుటయు అందులకు కారణములు. 2019లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు ఆ కుటుంబమందలి దాదాపు అన్ని జాతులను నిర్మూలనమునకు అత్యంత చేరువలో నున్నవానిగా ప్రకటించిరి. మన ప్రభుత్వము 2001లోనే అందొక జాతిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చినది.

కెనడాలో పనిచేయు డేనియల్ పాలీ అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1995లో ఒక సూక్ష్మవిషయమును ఎత్తిచూపెను. ప్రతి తరమువారును తాము పడుచువారై యున్నప్పుడు చూచిన సముద్రమునే అసలైన సముద్రమని భావింతురు. తాత చూచిన పెద్దచేప తండ్రికి కథ. తండ్రి చూచినది కొడుకునకు కథ. ఇట్లు కొలబద్దయే తరతరమునకు క్రుంగుచుండుటచే, ఎంత నష్టము కలిగినదో ఎవరికిని తెలియదు. జాలరి పల్లెలలో ముసలివాండ్రు మా కాలమున ఇంతింత చేపలు పడెడివనినచో, పడుచువాండ్రు నవ్వి ఊరకుందురు. ఆ మాట నిజమో అతిశయోక్తియో తేల్చుటకు సాక్ష్యము కావలెను. కాలము, చోటు, పేరు మూడును గల బొమ్మ అట్టి సాక్ష్యము. విశాఖపటములకు ఈ మూడును కలవు.

అయితే ఆ సాక్ష్యమునకు హద్దును కలదు. బొమ్మ, ఈ ప్రాణి ఇచట ఉండెనని చెప్పగలదు. ఎన్ని ఉండెనో చెప్పజాలదు. ఒడ్డునకు తేబడిన చేపలే రస్సెల్ కంటబడినవి. ఆనాటి తెప్పలు, నావలు పోజాలని లోతులలోని ప్రాణులు ఆ గ్రంథమున లేవు. లేనంతమాత్రమున అవి సముద్రముననే లేవనుకొనుట పొరపాటు. కావున బొమ్మకు తోడు లెక్క కావలెను.

ఆ లెక్కపని స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే మొదలైనది. 1947 ఫిబ్రవరిలో కేంద్ర సముద్ర మత్స్యపరిశోధన సంస్థ ఏర్పడెను. దేశపు తీరమంతట చేపలు దిగు రేవులు వందలకొలది ఉన్నవి. అన్నింట ప్రతిదినము మనుష్యుని నిలుపుట సాధ్యము కాదు. అందుచే తీరమును భాగములుగా విభజించి, రేవులను, దినములను ఒక పద్ధతి ప్రకారము ఎన్నుకొని, ఆ దినమున అచటికి వచ్చిన పడవలలో కొన్నింటి పట్టును పరిశీలించి, దానినిబట్టి మొత్తమును అంచనా కట్టుదురు. మన అన్నము ఉడికినదో లేదో ఒకటిరెండు మెతుకులు పట్టిచూచినట్టి పద్ధతియే యిది. కాని ఏ మెతుకును పట్టవలెనో నిర్ణయించుటలో గణితశాస్త్రము యావత్తు ఇమిడియున్నది.

ఆ పరిశీలకుడు రేవునకు వచ్చి గంపలోని చేపను చూచునప్పుడు మొదట తేల్చుకొనవలసినది అదేమి చేప యని. అతనికి తోడుపడునవి రెండు: జాలరి చెప్పు పేరు, చేతిలోని బొమ్మల పుస్తకము. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1974లో తూర్పు హిందూ మహాసముద్రపు చేపల గుర్తింపు పత్రములను వెలువరించిరి. అందును నలుపు గీతల బొమ్మలే. ఛాయాచిత్రము ఒక చేపను చూపును. గీతబొమ్మ ఆ జాతి అంతటికిని ముఖ్యమైన గుర్తులను ఎత్తిచూపును. ముల్లు ఎక్కడ ఉన్నదో అక్కడ ముల్లు స్పష్టముగా కనబడును. నీడలు, మెఱపులు కన్నును మోసగింపవు. రస్సెల్ నాడు విశాఖలో నడచిన పద్ధతియే, రెండు శతాబ్దుల తరువాత, విమానములు తిరుగు కాలమునను నిలిచియున్నదన్నమాట.

ఛాయాచిత్రమునకు వేఱొక గొప్ప ప్రయోజనము కనుగొనబడినది. సముద్రములోని చేపలన్నింటిలో పెద్దదైన తిమింగల సొర వీపుమీద తెల్లని చుక్కలుండును. మన వ్రేలిముద్రలవలె ఆ చుక్కల అమరిక ఏ రెండింటికిని ఒక్కతీరుగా నుండదు. ఆకాశమందలి నక్షత్రముల అమరికను పోల్చుటకు ఖగోళశాస్త్రజ్ఞులు ఏర్పఱచుకొనిన గణితమునే వాడి, ఛాయాచిత్రములనుబట్టి ఒక్కొక్క సొరను గుర్తింపవచ్చునని 2005లో పరిశోధకులు చూపిరి. ఒకచోట కనబడిన సొర మఱల ఏ సముద్రమున కనబడినదో, దానిని పట్టకయే, గాయపఱుపకయే తెలిసికొనవచ్చును. 2021 డిసెంబరులో విశాఖకు దక్షిణముననున్న తంతడి ఒడ్డున తిమింగల సొర యొకటి వచ్చి చిక్కుకొనెను. జాలరులును, అటవీశాఖవారును, సంరక్షకులును కలిసి దానిని మఱల సముద్రములోనికి పంపిరి. వెనుకటి కాలమున అట్టి ప్రాణి ఒడ్డునకు వచ్చినచో దాని కథ అంతటితో ముగిసెడిది. ఇప్పుడు చేప సముద్రమునకు పోవును, బొమ్మ మనకు మిగులును.

ఈ కథవలన మనకు తోచునది ఒకటే. సముద్రమును కాపాడుటకు ముందు సముద్రమును ఎఱుగవలెను. ఎఱుగుటకు పేరును, బొమ్మయు కావలెను. బొమ్మలు తీయు సాధనములు నేడు ప్రతివాని చేతిలోను ఉన్నవి. పేర్లు మాత్రము తగ్గిపోవుచున్నవి. రస్సెల్ ఒక్క పట్టణమున రెండువందల చేపలకు పేర్లు విని వ్రాసికొనెను. నేడు మన పట్టణములలోని పిల్లలను అడిగినచో చందువ, వంజరము, రొయ్య అని మూడు నాలుగింటితో ఆగిపోవుదురు. పేరు తెలియని ప్రాణి కనబడకపోయినను దాని లోటు ఎవరికిని తోచదు.

శ్రోతలలో తీరప్రాంతములవారు చాలమంది యుందురు. ఈ మాఱు రేవునకు పోయినప్పుడు గంపలో కొత్తచేప కనబడినచో వెలతోపాటు పేరును అడుగుడు. ఇంటనున్న పిల్లలచేత దాని బొమ్మ గీయింపుడు. రెక్కముండ్లను లెక్కపెట్టుమని చెప్పుడు. బొమ్మక్రింద తేదీని, ఊరిపేరును, ఆ చేప పేరు చెప్పిన జాలరి పేరును వ్రాయింపుడు. తుది పేరును ముఖ్యముగా మఱవకుడు. విశాఖపటముల క్రింద మిగులక పోయినది అదియే.